సంకెల రెండవ కొస

*బానిసత్వము బానిసను ఏమి చేయును? యజమానిని ఏమి చేయును? అమెరికా సాహిత్యము నూటయేబది యేండ్లకు పైగా వేసికొనుచున్న ఈ ప్రశ్నలను శ్రీకాకుళపు గడ్డమీద ఒక బడిపంతులు తన కథలో వేసెను. ఆ రెండు సాహిత్యములను పక్కపక్కన పెట్టి చదువు ప్రయత్నమిది.*

సుందరపాలెమున పంచాయతీ కూర్చున్నది. నడుమ గ్రామపెద్ద శ్రీరాములునాయుడు. గాంధీగారి మార్గమును నమ్మినవాడు, ఊరి మేలుకొరకు పాటుపడినాడని పేరు తెచ్చుకొన్నవాడు. ఒక వంక బాకీ రావలసిన షావుకారు గోపన్న. వేరొక వంక, బ్రతుకంతయు మట్టిలో వంగి చాకిరి చేసి, తుదకు ఋణగ్రస్తుడై నలుగురి నడుమ నిలువవలసి వచ్చిన అప్పల్రాముడు. అచ్చట ఎవరి చేతిలోను కొరడా లేదు. పత్రము, సాక్ష్యము, ధర్మవచనము, పెద్దమనుష్యుల మాటమీది గౌరవము, ఇవియే ఆ సభలోని సాధనములు. వాదప్రతివాదములు సాగిసాగి, తుదకు అప్పల్రాముడు బాకీని ఒప్పుకొనెను. తీర్పు న్యాయసమ్మతముగానే ముగిసినట్లు అందరికిని తోచెను. అప్పుడు అతని కొడుకు సీతారాముడు, తన కన్నబిడ్డను తన చేతులతోనే చంపి, ఆ శరీరమును పంచాయతీ యెదుటికి తెచ్చెను. తాతతండ్రుల ఋణమునకు వారసుడై, ఒకరి వాకిట దాసుడై తన బిడ్డ బ్రతుకరాదన్నదే అతని కారణము.

కాళీపట్నం రామారావు (కారా) మాష్టారు 1964లో ప్రచురించిన ‘యజ్ఞం’ కథకు ముగింపిది. నాడు దీనిని చదివిన తెలుగు పాఠకలోకము నిర్ఘాంతపోయినది. కన్నతండ్రి యెవడైన అట్లు చేయునా, చేసినను కథకుడు దానిని వ్రాయవచ్చునా యను వాదము దశాబ్దములపాటు సాగినది. 2024 నవంబరులో మాష్టారి శతజయంతి వచ్చుట, అదే సంవత్సరమున కథకు అరువదియేండ్లు నిండుట, ఈ రెండును కలసి ఆ పాత వాదమును పాఠకుల నడుమ మరల లేవదీసినవి. అట్లు ఎవరైన చేయుదురా యను ప్రశ్నకు ఊహతో పనిలేని సమాధానమొకటి చరిత్రలోనే కలదు.

1856 జనవరి మాసాంతమున, కెంటకీ రాష్ట్రమునుండి మార్గరెట్ గార్నర్ అను బానిసస్త్రీ, భర్తతోను బిడ్డలతోను, మంచుగట్టిన ఒహాయో నదిని రాత్రివేళ కాలినడకన దాటి సిన్సినాటి చేరెను. ఆవలి యొడ్డు స్వేచ్ఛారాష్ట్రము. కాని 1850 నాటి పలాయితదాస చట్టము స్వేచ్ఛారాష్ట్రములోనికి సైతము చేయి చాచి బానిసలను వెనుకకు లాగుచుండెను. పట్టుకొనవచ్చినవారు ఇల్లు చుట్టుముట్టగా, మరల దాస్యమునకు పంపుటకంటె చావే మేలని తలచి, ఆమె రెండేండ్ల కూతురిని తన చేతులతోనే కడతేర్చెను. పిదప న్యాయస్థానమున జరిగిన వాదము ఆ హత్యకంటెను భయంకరమైనది. ఆమెను హత్యానేరముపై విచారించినచో ఆమె మనిషియని ఒప్పుకొన్నట్లగును. యజమానికి అప్పగించినచో ఆమె కేవలము ఆస్తియని తేలును. తుదకు ఆస్తి పక్షమే గెలిచినది. రెండేండ్లలో ఆమె విషజ్వరముతో మరణించెను. ఆ వృత్తాంతమును బీజముగా గొని టోనీ మారిసన్ 1987లో ‘బిలవ్డ్’ నవలను వ్రాసెను. అది 1988లో పులిట్జర్ పురస్కారము పొందినది, 1993లో ఆమెకు నోబెల్ బహుమానము లభించినది.

రెండు కథలు, ఒకే గాయము

శ్రీకాకుళపు కథ అమెరికా నవలకు ఇరువదిమూడేండ్లు ముందు పుట్టినది. ఒకదానిని చూచి మరియొకటి వ్రాసినది కాదు. అట్లయినను సీతారాముడును, మారిసన్ సృజించిన సేథ్ అను తల్లియును తమ చేతులతోనే ఒకే పని చేసిరి. దాస్యమన్నది మనిషిచేత చేయించగల తుది పని ఏదియని వెదకుచు పోయిన ఇరువురు రచయితలు, ఎవరి త్రోవను వారు నడచి, ఒకే గుమ్మము ముందు నిలిచిరన్నమాట.

ఆ రెండు వ్యవస్థలు ఒకటి కావని ముందుగా చెప్పుట న్యాయము. అమెరికాలో నల్లజాతి మనిషి వేలములో అమ్ముడుపోయెడు సరకు. తల్లి బానిసయైనచో బిడ్డయు పుట్టుకతోనే బానిస. 1860 నాటికి అట్టివారి సంఖ్య సుమారు 40 లక్షలు. మన పల్లెలోని కంబారిని, అనగా ఏడాది జీతపు పాలేరును, సంతలో అమ్మలేదు. అతనికి భార్య తన భార్యయే, బిడ్డలు తన బిడ్డలే. కాని అతని శ్రమ అప్పుపత్రములో చిక్కినది, అతని కులము ఆ పత్రమునకు కాపలా కాచినది, అతని కొడుకు ఆ పత్రమునకు వారసుడైనాడు. శరీరమును కొనకుండనే శరీరముచే చేయించుకొనగల పనియంతయు చేయించుకొనుటకు మన దేశము కనిపెట్టిన మార్గమది.

అమెరికా బానిసత్వ సాహిత్యములోని శ్రేష్ఠభాగము కొరడాదెబ్బల వర్ణనతో ఆగిపోలేదు. బానిసకు ఏమి జరిగినదో చెప్పుచునే, అది బానిసను ఉంచుకొన్న ఇంటికి ఏమి చేసినదో కూడ చెప్పినది. మన రచయితలును అదియే చేసిరి. అందుచేతనే ఈ రచనలను కరుణ పుట్టించు కథలుగా మాత్రమే చదివిన పాఠకుడు సగమే చదివినట్లు.

> మాష్టారు
>
> కాళీపట్నం రామారావు 1924 నవంబరు 9న శ్రీకాకుళము జిల్లా మురపాకలో జన్మించెను. విశాఖపట్టణమున చిరకాలము ఉపాధ్యాయుడు. ‘యజ్ఞం’, ‘చావు’, ‘ఆర్తి’, ‘జీవధార’, ‘హింస’, ‘కుట్ర’ ఆయన ప్రసిద్ధ కథలలో కొన్ని. ‘యజ్ఞంతో తొమ్మిది’ కథాసంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చెను. తెలుగు కథలన్నింటిని ఒకచోట భద్రపరుపవలెనన్న సంకల్పముతో 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళమున ‘కథానిలయం’ నెలకొల్పెను. 2021 జూన్ 4న దివంగతుడయ్యెను.

దయగల ఇల్లాలు ఏమైనది?

ఫ్రెడరిక్ డగ్లస్ మేరీలాండ్ రాష్ట్రమున బానిసగా పుట్టి, పారిపోయి స్వతంత్రుడై, 1845లో తన జీవితకథను ప్రకటించెను. అందులో కొరడాలు కలవు, ఆకలి కలదు, కన్నతల్లి ముఖమును నాలుగైదుసార్లకు మించి చూడనోచని పసితనము కలదు. కాని ఆ గ్రంథములో మరువరాని పాత్రలలో ఒకరు సోఫియా ఆల్డ్ అను తెల్ల ఇల్లాలు. ఎనిమిదేండ్ల ప్రాయమున డగ్లస్ బాల్టిమోర్ నగరమునందలి ఆమె ఇంటికి పంపబడెను. వివాహమునకు పూర్వము నేతపనితో స్వయముగా జీవించిన ఆ స్త్రీకి అంతకుముందు బానిసలే లేరు. ఆమె నవ్వుముఖముతో పిల్లవానిని చేరదీసి, అక్షరములు దిద్దించి, చిన్నచిన్న పదములు నేర్పసాగెను. భర్తకు సంగతి తెలిసినది. చదువు వచ్చిన బానిస బానిసగా పనికిరాడని ఆయన ఆమెను మందలించెను. ఆమె చదువు చెప్పుట మానెను. అంతటితో ఆగలేదు, పిల్లవాని చేతిలో వార్తాపత్రిక కనబడినచో కోపముతో పైబడి లాగికొనువరకు వచ్చెను. భర్త చెప్పినదానికంటె తానే కఠినురాలయ్యెను. బానిసత్వము తనకు ఎంత కీడు చేసినదో ఆమెకును అంత కీడు చేసినదని డగ్లస్ భావించెను. తనను అక్షరమునకు దూరము చేసిన స్త్రీనిగూర్చి, ఆమె పోగొట్టుకొన్న మృదుత్వమునకు చింతించుచు ఒక పూర్వదాసుడు వ్రాయుట సామాన్యవిషయము కాదు.

అధికారము నేర్చుకొనవలసిన విద్య. ఆ విద్య చిన్ననాటనే, ఇంటిలోనే, తండ్రిని చూచి అబ్బును. స్వతంత్రుడై పుట్టియు 1841లో అపహరింపబడి, పండ్రెండేండ్లు బానిసగా బ్రతికిన సాలమన్ నార్తప్, 1853లో ప్రకటించిన తన గ్రంథమున, ఎప్స్ అను పత్తితోట యజమాని పెద్దకొడుకును చూపెను. పది పండ్రెండేండ్ల ఆ బాలుడు పొట్టి గుఱ్ఱము నెక్కి, చేత కొరడా బూని, పొలములోనికి వచ్చి, తన తాత వయస్సున్న అబ్రామ్ అను ముదుసలిని సైతము దండించుచుండెను; తండ్రి అది చూచి ముచ్చటపడుచుండెను. ఆ బాలుడు స్వభావముచే దుష్టుడు కాడనియు, పెరిగిన గాలి అట్టిదనియు నార్తప్ విచారించెను. తన జీవితకాలమున ఆరువందలకు పైబడిన బానిసలను ఉంచుకొన్న థామస్ జెఫర్సన్ సైతము, వర్జీనియానుగూర్చి వ్రాసిన తన గ్రంథములో ఈ సంగతినే ఒప్పుకొనెను: తండ్రి బానిసపై చూపు క్రౌర్యమును బిడ్డ చూచి అనుకరించును. ఎరిగియుండియు ఆయన తన బానిసలలో అధికభాగమును విడువలేదు. తెలిసికొనుట వేరు, విడుచుట వేరు.

హారియెట్ జేకబ్స్ 1861లో మారుపేరుతో ప్రకటించిన ఆత్మకథ యజమాని ఇంటి లోపలి గదులను తెరచి చూపెను. యజమాని కామదృష్టికి లోబడని ఆ యువతి, తొమ్మిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు మాత్రమే కల అటకలో ఏడేండ్ల దగ్గరదగ్గర దాగియుండి, పలకలో తొలిచిన చిన్న కంతలోనుండి తన బిడ్డలు వీధిలో ఆడుకొనుట చూచుచు ప్రాణము నిలుపుకొనెను. ఆ బాధ చెప్పుచునే ఆమె యజమాని భార్యనుగూర్చి చెప్పెను. భర్త నడవడి తెలిసియు భర్తను ఏమియు ననలేక, ఆ క్రోధమంతయు నిస్సహాయురాలైన దాసిపై కుమ్మరించు స్త్రీ ఆమె. ఆ ఇంట తండ్రులు క్రూరులై, కొడుకులు విశృంఖలులై, కూతుళ్లు చూడరానివి చూచుచు పెరిగి, భార్యలు దుఃఖభాజనులై పోవుదురని జేకబ్స్ తేల్చెను.

దాశరథి రంగాచార్య 1969 నాటి ‘చిల్లర దేవుళ్ళు’ నవలలో తెలంగాణపు దొర గడీలను చిత్రించినపుడు తెలుగు పాఠకుడు చూచినది కూడ ఇట్టి ఇంటినే. పెండ్లికూతురితోపాటు సారెగా వచ్చి, జీవితమంతయు గడీలోనే కరగిపోయిన ‘ఆడబాప’ల నిట్టూర్పులు నిండిన ఇంట, దొరసాని మాత్రము సుఖముగా నుండుట ఎట్లు పొసగును?

మంచివాడు ఉంచుకొన్న బానిసలు

క్రూరుని కథ చెప్పుట సులభము. చదువరి వానిని ద్వేషించి, తాను వానివంటివాడు కానని తృప్తిపడి, పుస్తకము మూసివేయును. అందుచేత గొప్ప రచయితలు మంచి యజమానిని ఎన్నుకొనిరి.

హారియెట్ బీచర్ స్టో 1852లో ప్రచురించిన ‘అంకుల్ టామ్స్ కేబిన్’ మొదటి సంవత్సరముననే అమెరికాలో మూడులక్షల ప్రతులు అమ్ముడుపోయినది. అందులో టామును మొదట అమ్మినవాడు దుర్మార్గుడు కాడు; దయగలవాడని పేరున్న షెల్బీ. తన అప్పులు తీర్చుటకు, చిన్ననాటినుండి తనను పెంచి సేవించిన మనిషిని అతడు అమ్మెను. రెండవ యజమాని సెంట్‌క్లేర్ బానిసత్వము పాపమని ఎరిగినవాడు, టామునకు విడుదలపత్రము వ్రాసెదనని మాట యిచ్చినవాడు; సంతకము చేయకమునుపే మరణించెను. దయగల యిరువురి చేతులు దాటి టాము కర్కశుడైన మూడవవాని చేత పడెను. మారిసన్ నవలలోని గార్నర్ దొర తన బానిసలను మగవారని గౌరవముగా పిలుచువాడు, వారి సలహా వినువాడు. ఆయన చనిపోగానే ‘పంతులు’ అను మరియొకడు వచ్చి, అదే మనుష్యులలో జంతులక్షణములెన్ని, మనుష్యలక్షణములెన్ని యని తన శిష్యులచేత పట్టిక వ్రాయించెను. అప్పుడుగాని ఆ బానిసలకు తెలియలేదు, తమ మగతనము తమది కాదనియు, అది ఒక దొర నోటిమాటపై ఆధారపడిన భిక్షయనియు.

శ్రీరాములునాయుని ఈ వరుసలో నిలిపి చూడవలెను. ‘యజ్ఞం’లో అతడు ధర్మమునకు ప్రతినిధి. ఊరికి అతడు చేసిన మేలు నిజమైనది. కథకుడు దానిని ఎక్కడను ఎగతాళి చేయలేదు. అభివృద్ధి వచ్చినది; కాని అది వచ్చిన కొలది అప్పల్రాముని బాకీ పెరిగినదే కాని తరుగలేదు. ఇట్టి స్థితిలో న్యాయమన్నది బాకీ పత్రములోని అంకెను మాత్రము చూచినచో, ఆ న్యాయమును చెప్పువాడు ఎంత నిష్పక్షపాతియైనను పత్రమునకే పక్షపాతి యగును. కారా మాష్టారు షావుకారును గూడ రాక్షసునిగా తీర్చలేదు. అచ్చట చెడ్డవాడు లేడు. చెడు మాత్రము కలదు. ఆ చెడును ధర్మమని నమ్మిన మంచివారు కలరు.

యజమానికి దాస్యవ్యవస్థ చేయు కీడు ఇదియే. అది అతని చేతికి కొరడాను ఇచ్చుటకంటె ముందు అతని కంటికి తెర వేయును. తన యెదుటివాడు బాధపడుచున్నాడని అతనికి తెలిసినను, ఆ బాధకు తాను కారణమని తోచదు. తోచనీయక పోవుటకు శాస్త్రము, చట్టము, ఆచారము, అప్పుపత్రము వరుసగా నిలిచి సాక్ష్యము చెప్పును. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో వెలువరించిన ‘మాలపల్లి’లో సంగదాసును కొట్టి చంపిన చౌదరయ్య ఇంటనే, ఆ సంగదాసునకు ప్రాణమిత్రుడైన రామానాయుడు కొడుకుగా నుండుట రచయిత యూరక కల్పించిన సంబంధము కాదు. వ్యవస్థ తండ్రికి వేసిన తెర కొడుకు కంటినుండి తొలగుచున్నదని ఆయన చూపదలచెను.

ఒక హెచ్చరిక అవసరము. యజమానికిని కీడు జరిగినదన్న మాటను, ఇరువురి కష్టము సమానమన్న అర్థములో ఎవరును తీసికొనరాదు. సంకెల రెండవ కొస యజమాని చేతిలో నుండును. చేతిలోని కొసను చేయి విడువగలదు, మెడకు బిగిసిన కొసను మెడ విడువలేదు. సోఫియా ఆల్డ్ పోగొట్టుకొన్నది మనస్సులోని మార్దవము. డగ్లస్ పోగొట్టుకొన్నది తల్లి, బాల్యము, తన శరీరముపై తనకుండవలసిన హక్కు. ఈ తారతమ్యమును మరచిన సానుభూతి తిరిగి యజమాని పక్షమునకే చేరును.

సత్యమే సంకెలయైన వేళ

దాస్యము దాసునికి చేయు కీడులలో కంటికి కనబడనిది, అతని సద్గుణములనే అతనికి బంధనములుగా మార్చుట. అప్పల్రాముడు బాకీని ఎగవేయువాడు కాడు, మాటకు కట్టుబడినవాడు. పదిమందిలో అబద్ధమాడలేడు. తిన్నది తీర్చవలెనన్న నీతి అతని రక్తములో కలదు. ఆ నీతియే అతని పొలమును, అతని కొడుకును, మనుమనిని పత్రమునకు అప్పగించినది. అతడు అసత్యవాది యైయుండినచో బహుశః బ్రతికి బయటపడెడివాడు. సీతారాముని కోపము తండ్రి అమాయకత్వముపై కాదు. తండ్రి మంచితనమును పెట్టుబడిగా వాడుకొన్న లోకముపై.

‘బిలవ్డ్’లోని పాల్ డీ తన హృదయమున్నచోట తుప్పుపట్టిన పొగాకు డబ్బా యొకటి యున్నదని భావించుకొనును; బాధలన్నిటిని అందులో మూసిపెట్టి, దేనిని గాఢముగా ప్రేమింపరాదని నిశ్చయించుకొనును. ఏది ఎప్పుడు అమ్ముడుపోవునో తెలియని మనిషికి కొంచెము కొంచెము ప్రేమించుటయే క్షేమము. సేథ్ అట్లు చేయలేకపోయినది, బిడ్డలను నిండుగా ప్రేమించినది. ఆ నిండు ప్రేమయే ఆమెచేత రంపము పట్టించినది. అలెక్స్ హేలీ 1976లో వ్రాసిన ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగులోనికి తెచ్చినపుడు, మన యువతరము కుంటా కింటే కథను తన యింటి కథవలె చదివినది. పారిపోయినందులకు పాదము నరకబడినను, యజమాని పెట్టిన క్రొత్తపేరును మనసున ఒప్పుకొనక, తన పేరును, తన ఊరిని, తన భాషలోని పదములను కూతురికి చెప్పి తరతరములకు అందించినవాడు అతడు. మన తాతలలో ఎందరు అప్పులతోపాటు ఇట్టి జ్ఞాపకములను కూడ అప్పగించి పోలేదు?

దాస్యము మనిషిని పూర్తిగా తుడిచివేయజాలదన్నది ఈ సాహిత్యము చెప్పు రెండవ సత్యము. డగ్లస్ వీధిలోని పేద తెల్లపిల్లలకు రొట్టెముక్కలిచ్చి అక్షరములు నేర్చెను. బానిసలను లొంగదీయుటలో పేరుపొందిన కోవీ అనువానిని ఒకనాడు ఎదిరించి పెనుగులాడెను. ఆనాటినుండి తాను రూపమున బానిసనే గాని తత్త్వమున కానని తెలిసికొనెను. సీతారాముని చర్యను ఈ ఎదిరింపు వరుసలో చేర్చవచ్చునా? చేర్చరాదనియే నా నమ్మకము. ఆ బిడ్డ ప్రాణము ఎవరి వాదమునకు సాక్ష్యముగా పుట్టినది కాదు. రచయిత దానిని వీరకృత్యముగా చూపలేదు. ‘యజ్ఞం’ అని పేరు పెట్టుటలోనే, ఆహుతియైనది ఎవరో, హోత ఎవరో మనలను విచారించుకొమ్మని అప్పగించెను.

> కాలక్రమము
>
> 1843 – భారతదేశమున బానిసత్వమునకు చట్టపు గుర్తింపును తొలగించిన 5వ చట్టము.
> 1865 – అమెరికా రాజ్యాంగ 13వ సవరణ, బానిసత్వ నిర్మూలనము.
> 1873 – జోతిరావు ఫూలే ‘గులాంగిరి’; బానిసత్వమును తొలగించిన అమెరికా ప్రజలకు అంకితము.
> 1897 – గురజాడ ‘కన్యాశుల్కము’ తొలి ముద్రణ.
> 1940 – మదరాసు ఏజెన్సీ ఋణదాస్య నిర్మూలన రెగ్యులేషన్.
> 1964 – ‘యజ్ఞం’.
> 1976 – వెట్టిచాకిరి నిర్మూలన చట్టము. 1975 అక్టోబరు 25 నుండి అమలు.
> 1987 – ‘బిలవ్డ్’.

కొండమీద గొత్తి, పల్లములో నాగు

సుందరపాలెము కల్పన కావచ్చును; దానిని పుట్టించిన భూమి కల్పన కాదు. విశాఖ, జయపురము ఏజెన్సీలలో ‘గొత్తి’ యను పద్ధతి యుండెను. గిరిజనుడు పెండ్లికో, పండుగకో, జరిమానా కట్టుటకో స్వల్పమైన రొక్కము తీసికొని, అది తీరువరకు ఋణదాత ఇంట చాకిరి చేయుటకు ఒప్పుకొనును. చాకిరిలో అప్పు తరుగదు. తిన్న కూడు, కట్టిన గుడ్డ మరల లెక్కలోనికి ఎక్కును. అతడు మరణించినచో కొడుకో, తమ్ముడో ఆ స్థానమునకు వచ్చును. 1940లో మదరాసు ప్రభుత్వము ప్రత్యేక రెగ్యులేషన్ చేయవలసి వచ్చినదన్న మాటయే ఆ పద్ధతి ఎంత లోతుగా పాతుకొన్నదో చెప్పును.

పల్లపు గ్రామములలో దాని రూపము వేరు. వానకాలపు కరవునెలలలో గింజలు అప్పుతెచ్చి, పంట కల్లమునకు రాగానే నాగు కలిపి, అనగా ధాన్యమునకు ధాన్యమే వడ్డీగా చేర్చి, కొలుచుట. కల్లములోనే కొలత, కల్లములోనే ఖాళీచేతులు; మరల ఆషాఢము రాగానే అదే గడప. ఆ గడపకు చేరినవాడు ఏడాది జీతమునకు కంబారిగా కుదురును. పిల్లవాడు పశువుల వెంట పోవును. బడి యెంత దగ్గరగా నున్నను ఆ పిల్లవానికి అది దూరమే.

‘యజ్ఞం’ వెలువడిన మూడేండ్లకు, 1967 అక్టోబరు 31న, గిరిజన సంఘపు మహాసభకు మొండెంఖల్లు పోవుచున్న గిరిజనులపై లేవిడి వద్ద దాడి జరిగి కోరన్న, మంగన్న అను ఇరువురు మరణించిరి. వెట్టికిని, వడ్డీకిని, భూముల అన్యాక్రాంతమునకును వ్యతిరేకముగా కొండలలో రగిలిన అసంతృప్తి పిదప సాయుధపోరాట రూపము దాల్చి, ఇరుపక్షముల నెత్తురుతో మన శ్రీకాకుళము జిల్లాను దేశమంతటికి ఎరుకపరచినది. గిరిజన భూముల బదలాయింపును మరింత కఠినముగా నిషేధించిన 1970 నాటి 1వ రెగ్యులేషన్ ఆ దినములలోనే వచ్చెను. కథకుని మాట ముందుగా విని, పెద్దమనుష్యులు తమ ధర్మమును తాము పరీక్షించుకొనియున్నచో ఎన్ని ప్రాణములు నిలిచెడివో!

> సంద్రము దాటినవారు
>
> బ్రిటిషు వలసలలో 1834లో బానిసత్వము రద్దుకాగానే చెరకుతోటల యజమానులకు క్రొత్త చేతులు కావలసి వచ్చినవి. అయిదేండ్ల ఒప్పందముపై భారతదేశమునుండి కూలీలను కొనిపోవు పద్ధతి అట్లు పుట్టినది. 1860 నవంబరు 16న మదరాసునుండి ‘ట్రూరో’ ఓడలో 342 మంది దక్షిణాఫ్రికాలోని నేటాలు చేరిరి. అప్పటి గంజాం, విశాఖపట్టణము జిల్లాలనుండి తెలుగువారు నేటాలునకు, మారిషసునకు, తరువాతి కాలమున ఫిజీకి ఇట్లు పోయిరి. కళింగపట్నము, భీమునిపట్నము రేవులనుండి బర్మాకు సాగిన వలస వేరు. ఒప్పందకూలీ పద్ధతి 1917–1920 నడుమ ముగిసెను.

కన్యను అమ్మిన తండ్రి

కారా మాష్టారికి పూర్వమే, మనిషిని అమ్మిన చేయి ఏమగునో చూపిన రచన విజయనగరమున పుట్టినది. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ను నవ్వుల నాటకముగా మాత్రమే తలచువారు దాని తొలి ముద్రణకు ఆయన వ్రాసిన పీఠికను చదువవలెను. విజయనగర మహారాజావారి ఉత్తరువుపై విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్ల కాలమున బ్రాహ్మణకుటుంబములలో జరిగిన శుల్కవివాహముల పట్టిక తయారు చేయగా, ఒప్పుకొన్నవారివి మాత్రమే 1034 తేలినవి. అందు అయిదేండ్ల వధువులు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల 350 మొదలు 400 రూపాయల వరకు పలికినది. గర్భస్థ శిశువులకు సైతము బేరములు కుదిరినవి.

అగ్రవర్ణమునందు పుట్టిన ఆడుబిడ్డకు వచ్చిన ఈ గతిని, అమెరికా దాసి గతితోనో, గొత్తివాని గతితోనో సమానముగా తూచుట నా యుద్దేశము కాదు. నేను చూడుమనునది అమ్మకందారును. నాటకములోని అగ్నిహోత్రావధానులు వేదము చదివినవాడు. పెద్దకూతురు బుచ్చమ్మను ముసలివానికి అమ్మగా ఆమె బాలవితంతువై ఇంటనే కనులయెదుట తిరుగుచున్నది. అయినను చిన్నకూతురు సుబ్బిని లుబ్ధావధానులకు పద్దెనిమిదివందలకు బేరము పెట్టెను. ఎదురుచెప్పిన భార్యపై విరుచుకుపడును; ఆమె నూతిలో దూకినను అతని పట్టు సడలదు. కన్నకూతురి వైధవ్యము కనబడని ఆ కంటికి కమ్మిన తెరయే, సుందరపాలెపు పెద్దమనుష్యుల కంటికిని, బాల్టిమోర్ ఇల్లాలి కంటికిని కమ్మినది. మహారాజా కళాశాలలో చదివి అచ్చటనే బోధించిన గురజాడవారు, తన ఊరివారు ఏది చేయుచు సిగ్గుపడకుండిరో దానిని రంగస్థలముపైకి ఎక్కించి, వారిచేతనే చూపించిరి.

నేటి అడ్వాన్సు

1976 నాటి చట్టము ఒక్క వాక్యముతో వెట్టి ఋణములన్నింటిని రద్దు చేసినది. వెట్టి చేయించినవానికి మూడేండ్ల వరకు చెర, రెండువేల రూపాయల వరకు జరిమానా విధించినది. జిల్లాకును, సబ్ డివిజనుకును విజిలెన్స్ కమిటీలు ఉండవలెనని ఆదేశించినది. కనీస వేతనమునకు తక్కువ కూలికి మనిషిచేత పనిచేయించుట సైతము నిర్బంధశ్రమయేనని 1982లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. చట్టమునకు లోటు లేదు.

అయినను ఋణమునకు శ్రమను తాకట్టు పెట్టు పద్ధతి రూపము మార్చుకొని నిలుచును. నేడు దానికి అడ్వాన్సు అని పేరు. మన జిల్లాల కూలీలు ఇండ్లు కట్టుటకు హైదరాబాదునకును, చెన్నపట్టణమునకును పోవుదురు. సముద్రతీరపు మత్స్యకారులు గుజరాతులోని వెరావల్ వరకు పోయి పరుల పడవలపై వేటాడుదురు. అట్లు పోయినవారే 2018లో సముద్రసరిహద్దు దాటిరని పాకిస్తానులో బందీలై, 2020 జనవరిలో విడుదలై వచ్చిరి. వలసపోవు ప్రతివాడును బానిస కాడు. అడ్వాన్సు ఇచ్చిన ప్రతి మేస్త్రీయు యజమాని కాడు. కాని ముందుగా తీసికొన్న రొక్కము తీరువరకు పనివిడిచి కదలరాదన్న షరతు ఎచ్చట ప్రవేశించునో, అచ్చట 1976 నాటి చట్టము వర్తించును. ఎచ్చట లెక్క ఒక్కరి పుస్తకములో మాత్రమే ఉండునో, అచ్చట అప్పల్రాముడు కలడు.

ఇట్టి సాహిత్యము చదువుటవలన ప్రయోజనమేమని అడుగువారు కలరు. స్టో నవలగాని, డగ్లస్ ఆత్మకథగాని బానిసత్వమును ఒంటిగా తొలగింపలేదు. యుద్ధము, చట్టము, బానిసల పోరాటము కలసి తొలగించినవి. కాని చట్టము చేయలేని ఒక పనిని ఆ పుస్తకములు చేసినవి. తాము మంచివారమని నమ్మిన లక్షలాది గృహస్థులను తమ భోజనపు బల్లవద్దనే కూర్చుండబెట్టి, ఆ బల్లపైని అన్నము ఎవరి శ్రమతో వచ్చినదని ప్రశ్నించినవి. ‘యజ్ఞం’ మనలను అట్లే ప్రశ్నించుచున్నది. మన ఇంట పనిచేయు పిల్ల ఏ బడికి పోవలసినది? మన కట్టడము వద్ద ఇటుకలు మోయు దంపతుల కూలి ఎవరి పుస్తకములో జమ అగుచున్నది? అప్పు ఇచ్చి ఆదుకొన్నామని మనము చెప్పుకొను కథ, అప్పు తీసికొన్నవాడు చెప్పినచో ఎట్లుండును?

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకొనుట కష్టమైన పని కాదు. కూలి లెక్క ఇరువురి చేతిలోను కాగితముపై ఉండవలెను. అడ్వాన్సు తీరకున్నను పనివాడు ఎప్పుడు కావలసిన అప్పుడు ఇంటికి పోగలుగవలెను. అతని బాకీ అతనితోనే ముగియవలెను, బిడ్డను అంటరాదు. ఈ మూడింటిలో ఏది లోపించినను అది వెట్టి వైపు మొగ్గినట్లే. అట్టి చోటు మన కంటబడినపుడు, యజమాని మన బంధువైనను, మన కులమువాడైనను, ఊరికి గుడి కట్టించిన పుణ్యాత్ముడైనను, అది నేరమని అతని ముఖముననే చెప్పి, కలెక్టరు కార్యాలయమునకు ఒక అర్జీ వ్రాయవలసిన బాధ్యత, ఈ కథలను చదివి కంటతడి పెట్టిన ప్రతి చదువరిపైనను కలదు.